సారథి మనఃస్థితి - మన విద్యార్థుల బాధ్యత

ఉర్దూ మాట్లాడే ఇండ్లలో అతిథి గడప దాటి లోపలికి రాగానే వినిపించే మొదటి ప్రశ్న "మిజాజ్ కైసే హైఁ?" అన్నది. తెలుగిండ్లలో "కులాసాయేనా?" అని అడుగుతారు. రెండింటి సారాంశం ఒక్కటే: ఎదుటివాని మనస్సు ఎట్లున్నదో తెలుసుకొన్న తరువాతనే తక్కిన మాటలు. ఇంటికి వచ్చిన బంధువును మనం ఇంత ఆదరంగా పలకరిస్తాము. కాని రాత్రి మూడు గంటల వేళ, నిండు లారీని జాతీయ రహదారి మీద నడుపుకొనిపోయే డ్రైవరును ఈ ప్రశ్న అడిగే వారెవరు? ఆ సమయంలో అతని మిజాజు మీద అతని ప్రాణమొక్కటే కాదు, ఎదురుగా వచ్చే బస్సులోని ప్రయాణికుల ప్రాణాలు కూడ ఆధారపడి ఉంటాయి.

ఈ ప్రశ్న అడుగగల యంత్రమొకటి తయారు చేయవలెనని ఈ సంవత్సరం మేము కొందరము చివరి తరగతి విద్యార్థులము సంకల్పించాము. మాలో విజ్ఞానశాస్త్ర విద్యార్థులున్నారు, వాణిజ్యశాస్త్రం వారున్నారు, ఉర్దూ సాహిత్యం చదివే సోదరీమణులు కూడ ఉన్నారు. డ్రైవరు ముఖాన్ని కెమెరాతో గమనించి, అతడు నిద్రమత్తులో ఉన్నాడో, కోపంతో ఉన్నాడో, దుఃఖంతో ఉన్నాడో కనిపెట్టి హెచ్చరించే పరికరం మా తొలి ఊహ. పథకం వ్రాయడానికి కూర్చున్న తరువాత మాలో మాకే అభిప్రాయభేదం కలిగింది. ఆ చర్చలో మేము చేరుకొన్న నిర్ణయాన్ని తోటి విద్యార్థుల ముందు, కళాశాల పాలకవర్గపు పెద్దల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. ప్రాజెక్టు చేయవలసిందే. కాని మొదట అనుకొన్న ప్రాజెక్టు కాదు.

మన ప్రాంతంలో ఈ విషయానికి ఉన్న ప్రాముఖ్యాన్ని వేరే చెప్పనక్కరలేదు. చెన్నై నుండి కలకత్తా పోయే 16వ నంబరు జాతీయ రహదారి ఏలూరు ప్రక్క నుండే సాగుతున్నది. కర్నూలు వైపు నుండి ఉల్లిపాయల లారీలు తాడేపల్లిగూడెం మార్కెట్టుకు వస్తాయి. కొల్లేరు చుట్టుప్రక్కల కైకలూరు, ఆకివీడు, మండవల్లి ప్రాంతాల చెరువులలో పట్టిన చేపలు ట్రేలలో ఐసు నింపుకొని బెంగాలుకు, అస్సాముకు బయలుదేరుతాయి. ఇక్కడి నుండి హౌరాకు సుమారు 1,200 కిలోమీటర్లు. గంటకు సగటున 40 కిలోమీటర్ల చొప్పున నడిపినా చక్రం మీద 30 గంటలు గడపవలె. ఆ ప్రయాణంలో వేగాన్ని నిర్ణయించేది డ్రైవరు కాదు, యజమాని కూడ పూర్తిగా కాదు. ఐసు కరిగే వేగమే లారీ వేగాన్ని నిర్ణయిస్తున్నది. దీనికి తోడు శీతకాలంలో కొల్లేటి మీద క్రమ్మే మంచు, రోడ్డుకు ప్రక్కనే చెరువులు, కాలువలు. రెప్ప ఒక్కసారి వాలితే సరిదిద్దుకొనే చోటు కూడ లేని దారులవి.

ఈ సంగతులు మాకు పుస్తకాల వలన తెలిసినవి కావు. మాలో ఒకరి తండ్రిగారు ఇరవై ఏండ్లుగా చేపల లారీ నడుపుతున్నారు. మా ప్రాజెక్టు సంగతి కుమారుడు ఉత్సాహంగా చెప్పగా ఆయన అంతా విని ఇట్లన్నారు: "నిద్ర వస్తున్నదని చెప్పడానికి నాకు యంత్రమెందుకు బేటా? వస్తున్నదని నాకు తెలుసు. బండి ఆపితే ఐసు కరుగుతుంది. ఐసు కరిగితే కిరాయి తెగుతుంది. నీ యంత్రం ఆ మాట సేఠ్‌కు చెప్పగలదా?" ఈ ఒక్క ప్రశ్న మా పథకాన్ని తలక్రిందులు చేసింది. దానికి సమాధానం వెదకకుండా ఎంత గొప్ప పరికరం చేసినా అది ప్రదర్శనశాలలో బొమ్మగా మిగిలిపోతుందని మాకు తోచింది.

అయినను ఆయన మాటలో ఒక భాగాన్ని సవినయంగా సవరించవలసి ఉన్నది. నిద్ర వస్తున్నదని మనిషికి తెలిసే మాట నిజమే. కాని ఏ క్షణంలో రెప్ప వాలుతుందో అతనికి తెలియదు. రెండు మూడు క్షణాల కునుకు తన అనుమతి అడిగి రాదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే లారీ మూడు సెకన్లలో 50 మీటర్లు పోతుంది. ఆ 50 మీటర్లూ సారథి లేని రథమే. ఆస్ట్రేలియాకు చెందిన డాసన్, రీడ్ అనే శాస్త్రజ్ఞులు 1997లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, 17 గంటలపాటు ఎడతెగక మేలుకొని ఉన్నవాని పనితీరు, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవాని పనితీరుతో సమానంగా దిగజారుతుంది. మన మోటారు వాహనాల చట్టం మద్యానికి విధించిన పరిమితి 0.03 శాతం మాత్రమే. అనగా త్రాగి నడిపేవానిని పట్టుకొనడానికి మనకు పరికరమున్నది, శిక్ష ఉన్నది. అంతకంటె మత్తులో ఉన్న నిద్రలేని మనిషిని మాత్రం "కష్టపడి పనిచేసేవాడు" అని మెచ్చుకొంటున్నాము. దేశంలో 2022వ సంవత్సరంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగి 1,68,491 మంది మరణించారని కేంద్ర ప్రభుత్వ నివేదిక తెలిపింది. రోజుకు సగటున 460 మందికి పైగా అన్నమాట.

ఇక లోకంలో ఈ దిశగా జరిగిన కృషిని చూద్దాము. మనిషి భావాలను యంత్రం గుర్తించగలదన్న ఊహకు శాస్త్రరూపమిచ్చిన వారిలో అమెరికాకు చెందిన రోజలిండ్ పికార్డ్ ముఖ్యురాలు. ఈ విషయంపై ఆమె గ్రంథం 1997లో వెలువడింది. 2005లో జెన్నిఫర్ హీలీతో కలిసి ఆమె, బోస్టన్ రోడ్ల మీద కారు నడిపేవారి గుండె, శ్వాస, కండరాలు, చర్మంలోని విద్యుద్వాహకత కొలిచి, వారి మానసిక ఒత్తిడిని అంచనా వేయవచ్చునని చూపింది. 2009లో ఆమెతో కలిసి ముఖభావాలను చదివే సంస్థను స్థాపించిన రానా ఎల్ కాలియూబీ కైరో నగరంలో జన్మించిన మహిళ. ఈ శాస్త్రం తమకు అందరానిదని తలచే మన సోదరీమణులు ఆమె పేరు గుర్తుంచుకొనదగినది. యూరపు దేశాల సమాఖ్య కొత్త రకం వాహనాలలో 2022 జూలై నుండి, అమ్మే కొత్త వాహనాలన్నిటిలో 2024 జూలై నుండి నిద్రమత్తును హెచ్చరించే ఏర్పాటును తప్పనిసరి చేసింది. మన కేంద్ర ప్రభుత్వం కూడ బస్సులలో, లారీలలో ఇటువంటి హెచ్చరికను ప్రవేశపెట్టడానికి 2025లో ముసాయిదా ప్రకటించింది. కనుక ఇది గాలిలో మేడ కాదు. రేపో మాపో మన లారీలలోనికి వచ్చే వస్తువు. వచ్చిన తరువాత ఆశ్చర్యపడడం కంటె, రాకముందే దాని మంచిచెడ్డలు తెలుసుకొనడం విద్యావంతుల లక్షణం.

అయితే కోపాన్ని, దుఃఖాన్ని కూడ గుర్తించే యంత్రం చేయరాదా అని మాలో కొందరు గట్టిగా వాదించారు. వారి వాదంలో బలం లేకపోలేదు. అమెరికాలో 3,500 మందికి పైగా డ్రైవర్లను కెమెరాలతో గమనించి 2016లో ప్రకటించిన అధ్యయనంలో, కోపం, దుఃఖం, ఏడుపు, ఉద్వేగం స్పష్టంగా కనిపిస్తున్నపుడు ప్రమాద భయం దాదాపు 9.8 రెట్లు ఉన్నట్లు తేలింది. ఇంతటి అపాయాన్ని విడిచిపెట్టడం న్యాయమా అని వారి ప్రశ్న.

మా సమాధానం రెండు విధాలు. మొదటిది, ముఖం మనస్సుకు నమ్మదగిన అద్దం కాదు. లీసా ఫెల్డ్‌మన్ బారెట్, ఆమె సహచరులు ఎన్నో పరిశోధనలను సమీక్షించి 2019లో చెప్పినదేమనగా, కోపం వచ్చిన మనిషి కనుబొమలు ముడిచి చూసేది నూటికి సుమారు ముప్పది సార్లే. తక్కిన సమయాలలో కొందరు మౌనం వహిస్తారు, కొందరు నవ్వుతారు, కొందరు ఏడుస్తారు. కోపం లేకుండ కూడ కనుబొమలు ముడిపడతాయి. ఎదురు లారీ దీపాలు కంటిలో పడితే ఎవరి ముఖం చిట్లదు? యంత్రం దానిని కోపమని లెక్కవేస్తే తప్పు యంత్రానిదా, ముఖానిదా?

రెండవది, లెక్కల సంగతి. పైన చెప్పిన అధ్యయనంలోనే అటువంటి ఉద్వేగం కనిపించినది మొత్తం ప్రయాణ కాలంలో 0.2 శాతం మాత్రమే. వేయి క్షణాలు తీసుకొంటే రెండు క్షణాలన్నమాట. మా యంత్రం నూటికి 95 పాళ్ళు సరిగా చెప్పగలదనుకొందాము. అప్పుడు ఆ రెండు క్షణాలనూ అది పట్టుకొనవచ్చును. కాని తక్కిన 998 క్షణాలలో నూటికి ఐదు చొప్పున, అనగా దాదాపు 50 సార్లు, లేని కోపాన్ని ఉన్నదని మ్రోగుతుంది. 52 హెచ్చరికలలో నిజమైనవి రెండే. అటువంటి గంటను ఏ డ్రైవరైనా మొదటి రోజు వింటాడు, రెండవ రోజు విసుగుకొంటాడు, మూడవ రోజు తీగ పీకివేస్తాడు. లేని కోపాన్ని తెప్పించిన ఘనత మాత్రం మన యంత్రానికి దక్కుతుంది. నూటికి 95 అన్న మాట పరీక్షలలో మార్కులవలె ఘనంగా వినబడుతుందే గాని, అరుదైన దానిని వెదకేటప్పుడు అది చాలదన్న గణిత సత్యాన్ని మేము ఈ చర్చలోనే మొదటిసారి గ్రహించాము.

నిద్రమత్తు విషయం దీనికి కొంత భిన్నమైనది. అది భావం కాదు, శరీర స్థితి. దానిని ఊహించవలసిన పని లేదు, కొలవవచ్చును. ఒక నిమిషంలో కనురెప్పలు నూటికి 80 పాళ్ళకు పైగా మూసుకొన్న కాలమెంతో లెక్కించే పద్ధతి ఒకటి 1990లలో రూపొంది, పెర్‌క్లోస్ అన్న పేరుతో ప్రసిద్ధి చెందింది. 2016లో సౌకుపోవా, చెఖ్ అనే ఇద్దరు పరిశోధకులు దీనికి సులభమైన సూత్రమొకటి చెప్పారు. కంటి చుట్టూ ఆరు బిందువులు గుర్తించి, పైరెప్పకు క్రిందిరెప్పకు మధ్యనున్న రెండు దూరాలను కలిపి, కంటి అడ్డుకొలతకు రెట్టింపుతో భాగిస్తే ఒక సంఖ్య వస్తుంది. కన్ను తెరచియున్నంతసేపు అది స్థిరంగా ఉండి, మూసుకొనగానే సున్న వైపు పడిపోతుంది. మన డిగ్రీ విద్యార్థులు చేయగల లెక్క ఇది. ఒక్క క్షణాన్ని చూసి మ్రోగక నిమిషమంతా కూడిన తరువాతనే మ్రోగుతుంది కనుక పొరపాటు హెచ్చరికలు కూడ తగ్గుతాయి.

యూరపు సమాఖ్య 2024లో చేసిన కృత్రిమ మేధ చట్టం కూడ ఈ భేదాన్నే పాటించడం గమనించదగినది. పనిచేసే చోట, విద్యాలయాలలో మనుషుల భావాలను యంత్రంతో ఊహించడాన్ని, వైద్య, భద్రతా కారణాలకు తప్ప, ఆ చట్టం నిషేధించింది. ఆ నిషేధం 2025 ఫిబ్రవరి నుండి అమలులోనికి వచ్చింది. డ్రైవర్లలో, విమానచోదకులలో ప్రమాద నివారణకై అలసటను గుర్తించే యంత్రాలు మాత్రం ఆ నిర్వచనంలోనికి రావని అదే చట్టం వివరించింది. అలసటను కొలుచుట వేరు, అంతరంగంలోనికి తొంగిచూచుట వేరు. మనిషి కోపమో దుఃఖమో అతని సొంత ఆస్తి.

కొలవదగినదే అయినా అది సులభమని మేము చెప్పడం లేదు. రాత్రి చీకటిలో చూడడానికి పరారుణ కాంతి కావలె. కళ్ళజోడు అద్దాల మీద ఆ కాంతి మెరిసి కంటిని దాచవచ్చును. కొందరి కండ్లు సహజంగానే చిన్నవి. అందరికీ ఒకే కొలత పెడితే వారిని యంత్రం ఎల్లప్పుడూ నిద్రపోతున్నవారిగా చూస్తుంది. గడ్డం పెంచిన వారి నోటి చుట్టూ బిందువులు సరిగా దొరకక ఆవులింత లెక్క తప్పవచ్చును. తలకు వస్త్రం కప్పుకొన్న వారి ముఖపు అంచు దొరకదు. జాయ్ బులమ్వీని, టిమ్నిట్ గెబ్రు 2018లో చేసిన పరిశీలనలో, స్త్రీ పురుషులను ముఖం చూసి గుర్తించే వ్యాపార యంత్రాలు తెల్లని పురుషుల విషయంలో నూటికి ఒకటి లోపే తప్పు చేయగా, నల్లని స్త్రీల విషయంలో వాటిలో ఒకటి 34.7 శాతం వరకు తప్పు చేసింది. ఎవరి ముఖాలను చూపి యంత్రానికి నేర్పారో వారికే అది న్యాయం చేస్తుంది. కనుక మన ప్రాంతపు ముఖాలతో, మన ఎండకు నల్లబడ్డ చర్మంతో, మన గడ్డాలతో, మన ముసుగులతో దానిని పరీక్షించే పని ఇతరులెవరో వచ్చి చేయరు. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాలకంటె ఆ పనికి తగిన చోటు ఏది?

మరొక ముఖ్యమైన ప్రశ్న, గంట ఎవరికి వినిపించవలె? యజమాని ఫోనుకు వార్త పోయే ఏర్పాటు చేయడం కష్టమేమీ కాదు. కాని అది చేయరాదని మా దృఢమైన అభిప్రాయం. కునుకు పడిన లెక్క యజమాని చేతికి పోతే అది జీతంలో కోతగా, ఉద్యోగంలో వేటుగా మారడానికి ఎంతో కాలం పట్టదు. అప్పుడు డ్రైవరు కెమెరాకు తువాలు కప్పుతాడు. అతనిని తప్పుపట్టే హక్కు మనకుండదు. కనుక మా పరికరం బొమ్మలను దాచదు, ఎక్కడికీ పంపదు. డ్రైవరు చెవికి మాత్రమే చెబుతుంది. అదియును కర్ణకఠోరమైన కూతతో కాదు, "అన్నా, కాస్త బండి ప్రక్కకు ఆపు" అని తెలుగులో, లేదా "భాయీ, జరా గాడీ రోకో" అని ఉర్దూలో చెబుతుంది. ఏ భాష కావలెనో అతడే ఎంచుకొంటాడు.

ఆపమన్న తరువాత ఎక్కడ ఆపవలె? ఇదే అన్నిటికంటె పెద్ద ప్రశ్న. మన రాష్ట్ర పోలీసులు జాతీయ రహదారి మీద రాత్రివేళ లారీలను ఆపి, డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపే "ఫేస్ వాష్ అండ్ గో" కార్యక్రమం నిర్వహించారు. మంచి ఉద్దేశంతో చేసిన పని, మెచ్చుకొనదగినది. కాని బ్రిటను శాస్త్రజ్ఞులు రేనర్, హార్న్ చల్లగాలిని, రేడియోను పరీక్షించి, అవి నిద్రమత్తును ఆపేది కొద్దిసేపేనని 1998లో తేల్చారు. చన్నీటి ఉపశమనమూ అటువంటిదేనని మా అభిప్రాయం. నిద్రకు మందు నిద్రయే. "ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అన్నారు మన పెద్దలు. డ్రైవరుకు పరుపు అక్కరలేదు, భయం లేకుండ బండి ఆపుకొని పదిహేను ఇరవై నిమిషాలు కన్నుమూసే చోటు చాలును. హనుమాన్ జంక్షను నుండి ఏలూరు, భీమడోలు, తాడేపల్లిగూడెం మీదుగా తణుకు వరకు అటువంటి చోట్లు ఎన్ని ఉన్నవో, ఎక్కడెక్కడ ఉన్నవో లెక్కించి పటం గీయడం మా ప్రాజెక్టులో భాగం చేశాము. నిలిచే చోటు చూపకుండ నిలువుమని అరిచే యంత్రం ఉపకారం కాదు, పరిహాసం.

ఇప్పుడు మా పథకాన్ని సంగ్రహంగా విన్నవిస్తాము. మొదటి భాగం, వాణిజ్యశాస్త్ర, ఉర్దూ విద్యార్థుల చేతిలో ఉంటుంది. వారు చేపల ప్యాకింగు షెడ్ల వద్ద, ఉల్లి మార్కెట్టు వద్ద డ్రైవర్లతో, క్లీనర్లతో మాట్లాడి, ఎన్ని గంటలు నడుపుతున్నారో, ఎప్పుడు నిద్రిస్తున్నారో, రమజాను మాసంలో సహరీకి లేచి పగలంతా ఉపవాసముండే వారు నిద్రను ఎట్లు సర్దుకొంటున్నారో, పేర్లు వ్రాయకుండ నమోదు చేస్తారు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం పెట్టిన రోజుకు ఎనిమిది గంటల నియమం, ఆ చట్టాన్ని తనలో కలుపుకొన్న 2020 కార్మిక స్మృతిలో కూడ నిలిచియున్నది. నియమానికి, రోడ్డుకు మధ్య దూరమెంతో ఆ నమోదు చూపుతుంది. సేఠ్‌కు చెప్పగలదా అన్న ఆ తండ్రిగారి ప్రశ్నకు మా సమాధానం ఇదే: యంత్రం చెప్పలేదు, ఈ నివేదిక చెబుతుంది. రెండవ భాగం, విజ్ఞానశాస్త్ర విద్యార్థులది. అరచేతిలో ఇమిడే రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరుతో, పరారుణ కెమెరాతో పరికరం నిర్మించడం. మూడవ భాగం, పరీక్ష. నడిచే లారీలో ఏ పరీక్షా చేయము. కళాశాల గదిలో కుర్చీ, స్టీరింగు చక్రం అమర్చి, సమ్మతి పత్రం వ్రాసి ఇచ్చిన విద్యార్థుల మీదనే చేస్తాము. 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం స్ఫూర్తి కూడ అదే. ఎవరినీ బలవంతంగా మేలుకొలిపి ఉంచము.

పాలకవర్గపు పెద్దలను మేము కోరేవి మూడే. పరికరాలకు కొద్దిపాటి ధనం, సాయంకాలం వేళ ప్రయోగశాల తాళపుచెవి, తాడేపల్లిగూడెంలో 2015లో స్థాపించబడిన జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఆచార్యుల సలహా కోరడానికి ఒక పరిచయ లేఖ. ఇందుకు బదులు మేము ఇచ్చే మాట ఒకటున్నది. మా యంత్రం ఎన్నిసార్లు సరిగా మ్రోగిందో చెప్పినంత స్పష్టంగా, ఎన్నిసార్లు వృథాగా మ్రోగిందో, ఎన్నిసార్లు మ్రోగవలసి మ్రోగలేదో కూడ వ్రాస్తాము. బహుమానం రాకపోయినా సరే.

కోపాన్ని కనిపెట్టే యంత్రమైతే జిల్లా ప్రదర్శనలో జనం గుమికూడేవారని ఇప్పటికీ మా మిత్రులు కొందరు విచారిస్తున్నారు. వారికి మేము చెప్పేదొక్కటే. ఈ ఏలూరు ఒక్కొక్క ముడిగా తివాచీలు నేసి పేరు తెచ్చుకొన్న ఊరు. ఒక ముడి సరిగా పడిన తరువాతనే రెండవ ముడి. రెప్ప వాలుటను సరిగా కొలవడం మన మొదటి ముడి. తక్కిన మిజాజు సంగతి, కోపమైనా, దుఃఖమైనా, మనిషే మనిషిని అడుగవలె. బండి ఎక్కే ముందు డ్రైవరును "అన్నా, నిద్రపోయావా? ఇంటి దగ్గర అంతా కులాసాయేనా?" అని అడిగే యజమాని ఒక్కడున్నా, అతడు ఏ యంత్రానికీ తీసిపోడు.